నాజిలు రాలేదని రాసిన ఉత్తరం

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి వేసవిలో నేను సిలోన్‌కు పోయి వచ్చాను. అప్పుడు నంద్యాలలో ఆయిలింజన్లు అమ్మి, బాగుచేసే ఒక షెడ్డులో ఫిట్టరుగా పనిచేసేవాణ్ణి. ఇల్లు ఆళ్లగడ్డలో. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. ఇంట్లో మా అమ్మ, నా భార్య, నాలుగేళ్ళ కూతురు.

మా నాయన నా పద్నాలుగో ఏటనే పోయాడు. అప్పటినుంచి నేను సంపాదించే మనిషిని. ఇద్దరు చెల్లెళ్ళ పెండ్లిళ్ళు నా చేతుల మీదనే జరిగాయి. ఇంట్లో ఉంటే నలుగురి మధ్య, షెడ్డులో ఉంటే నలుగురైదుగురు పనివాళ్ళ మధ్య పడుకునేవాణ్ణి. పగలంతా ఇంజన్ల మోత. ఆ మోత ఆగిన తరువాత కూడా చెవుల్లో ఆడుతూనే ఉండేది. ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా ఒక గదిలో ఒక్కణ్ణే ఉన్న రోజు లేదు. దీన్ని కష్టమని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరికీ అర్థం కాదు. అందరూ అట్లానే బతికేవాళ్ళు.

నంద్యాలలో ఒక వేరుశనగ నూనెమిల్లులో పాత పెద్ద ఇంజను ఒకటి ఉండేది. దానికి మేము 'ముసలెద్దు' అని పేరు పెట్టుకున్నాము. పొద్దున లేవడానికి మొరాయించేది. దాని జబ్బులన్నీ నాకే తెలుసు. మిల్లువాళ్ళు కొత్త ఇంజను కొనుక్కుని, ఆ ముసలెద్దును సిలోన్‌లో వడ్లమిల్లు నడిపే ఒక తమిళాయనకు అమ్మారు. దాని సంగతి తెలిసిన మనిషిని కూడా పంపితేనే కొంటానని ఆయన షరతు పెట్టాడు.

మా షెడ్డు యజమాని నన్ను పిలిచాడు.

"ఏమప్పా, సిలోన్‌కు పోతావా? నువ్వు ల్యాకుంటే ఆ ముసలెద్దు లెయ్యదంట గదా."

"ఎన్ని దినాలన్నా?"

"నెలన్నర, రెణ్ణెల్లు. దాన్ని కుదురుగా కూచోబెట్టి, నాలుగు దినాలు తిప్పి సూపిచ్చి రా."

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు నా భార్య చాటలో కొర్రలు చెరుగుతూ ఉంది. చెరగడం ఆపి, "సముద్రం దాటి పోవల్లనా?" అని అడిగింది. దాటాలన్నాను. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఆమె ఏమి తలచుకుందో నాకు తెలుసు. ఆమెది కుందూనది ఒడ్డున, కోయిలకుంట్ల పక్క పల్లె. పెండ్లయిన కొత్తలో ఒకసారి, "సముద్రమంటే ఎట్లుంటాదియ్యా? కుందూకు ఏరొచ్చినప్పుడు ఉంటాదే, అట్లుంటాదా?" అని అడిగింది. నేనూ అప్పటికి సముద్రం చూడలేదు. చూసినవాడిలాగా నవ్వి, "మద్రాసుకు పిల్చకపోయి సూపిస్తాలే" అన్నాను. అప్పటికి ఆరేళ్ళయింది. ఆమె మళ్ళీ అడగలేదు, నేను పిలుచుకుని పోలేదు.

ప్రయాణానికి జొన్నరొట్టెలు ఎండబెట్టి మూటకట్టింది. శనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. బస్సు దాకా బిడ్డను ఎత్తుకుని వచ్చింది. గుంతకల్లులో బండి మారి మద్రాసు, అక్కడినుంచి రామేశ్వరం దిక్కు పోయే బోటు మెయిలు రైలు. మండపంలో ఒక క్యాంపులో పెట్టి మా ఒళ్ళు పరీక్ష చేసి, సూదులు వేసి, పర్మిట్టు కాగితాల మీద ముద్రలు కొట్టారు. ధనుష్కోడిలో స్టీమరెక్కాను. ఆ పూట గాలి ఎక్కువ. దారంతా కక్కుతూనే ఉన్నాను. సముద్రం దాటానే గానీ సముద్రాన్ని చూడలేదు. చూసిందంతా నా ముందున్న బకెట్టునే.

అనురాధపురం దాటి ఒక చిన్న ఊళ్ళో ఆ వడ్లమిల్లు. ముసలెద్దు నాకంటే ముందే ఓడలో వచ్చి, ముక్కలు ముక్కలుగా షెడ్డులో పడి ఉంది. పునాది పోయించి, దాన్ని కూర్చోబెట్టి, బెల్టులు వేసి తిప్పేసరికి అయిదు వారాలు పట్టింది. అనుకున్నదానికంటే ముందే అయిపోతుందని నాకు వారం ముందే తెలిసింది. మిల్లు యజమాని మంచివాడు. ఒకరోజు భోజనం దగ్గర, నాకు అర్థమయ్యేట్టు నిదానంగా తమిళంలో చెప్పాడు. "నీ పర్మిట్టుకు ఇంకా గడువుంది. ఇంత దూరం వచ్చి ఇంజను మొహం చూసి పోతావా? క్యాండీ చూడు, కొండలు చూడు, కింద సముద్రపు ఒడ్డున పల్లెలున్నాయి, పోయి చూడు. మళ్ళీ ఎప్పుడు వస్తావు?"

ఆ మాట నన్ను పట్టుకుంది. మర్నాడు పనిలో చెయ్యి ఆడలేదు. మధ్యాహ్నం వడ్ల బస్తాల మీద కూర్చుని రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి నంద్యాలకు, మా యజమానికి. "పని అయిపోవచ్చింది అన్నా. పన్నెండు రోజులు సెలవు ఇస్తే ఈ దేశం, సముద్రం చూసి వస్తాను" అని ఉన్నదున్నట్టు రాశాను. రెండోది ఇంటికి. అందులో ఇట్లా రాశాను: "ఇక్కడ నేను క్షేమం. ఇంజన్లో నాజిలు అనే సామాను పగిలింది. అది బొంబాయి నుంచి రావాలి. వచ్చేదాకా పని నిలిచిపోయింది. ఇంకా రెండు వారాలు పట్టవచ్చు. దిగులు పడవద్దు."

ఇంజన్లోకి నూనె చిమ్మే ఆ నాజిలు నిక్షేపంగా ఉంది. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా ముసలెద్దు మోత నాకు వినబడుతూనే ఉంది.

ఎందుకు అబద్ధం రాశానని తరువాత వెయ్యిసార్లు నన్ను నేను అడుక్కున్నాను. నిజం రాసినా వద్దనేవాళ్ళు లేరు. మా అమ్మ సణిగేది, అంతే. కానీ సముద్రం చూడటానికి నేనొక్కణ్ణే పోతున్నానని నా భార్యకు ఎట్లా రాసేది? ఆమెకు చదువు రాదు. ఉత్తరాలు మా వీధికి వచ్చే టపా మనిషి గడప దగ్గర నిలబడి చదివి చెప్పేవాడు. ఆ మాట అతని నోటి నుంచి, నలుగురి ముందర ఆమె వినాలి. ఆ సిగ్గు ఆమెకు తప్పిస్తున్నాననుకున్నాను. నిజానికి తప్పించుకున్నది నేను.

ఆ పన్నెండు రోజులు బాగున్నాయి. దీన్ని ఇప్పుడు మార్చి చెప్పలేను. నాలుగు రోజులు కొండల్లో తిరిగాను. టీ తోటల మధ్య మబ్బులో నడిచాను. మిగతా ఎనిమిది రోజులు కొలంబుకు దక్షిణంగా ఒక పల్లెలో సముద్రపు ఒడ్డున ఉన్నాను. తమిళం మాట్లాడే ఒక ముసలి సాయిబు అక్కడ టీ అంగడి నడుపుతూ, వెనుక గదిని బాడుగకు ఇచ్చేవాడు. గదిలో ఒక నులక మంచం, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే నీళ్ళు. మొదటి రోజు మధ్యాహ్నం తలుపు మూసుకుని పడుకుంటే ఎవరూ పిలవలేదు. మెలకువ వచ్చాక చాలాసేపు ఏమీ చేయకుండా కప్పు చూస్తూ ఉన్నాను. మూడో రోజుకు చెవుల్లో మోత ఆగిపోయింది. అది ఆగిపోగలదని నాకు అంతవరకూ తెలియదు. నల్లటి బండ మీద కూర్చుంటే అలలు వచ్చి కాళ్ళు తడిపి పోయేవి. ఆకలైనప్పుడు తిన్నాను, నిద్ర వచ్చినప్పుడు పడుకున్నాను.

సాయిబు ఒకసారి అడిగాడు. "ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నారు. భార్య, బిడ్డ, తల్లి."

"మరి వాళ్ళను తేలేదే?"

"పని మీద వచ్చాను."

ఆయన నా చేతుల దిక్కు చూశాడు. రోజుల తరబడి గ్రీసు తగలని చేతులు. టీ గ్లాసు నా ముందర పెట్టి పోయాడు. వచ్చే ముందు నా భార్యకు తాబేటి చిప్పతో చేసిన దువ్వెన ఒకటి కొన్నాను. దాన్ని పెట్టెలో పెడుతుంటే నా తప్పంతా కడిగేసుకున్నట్టు అనిపించింది.

ఆళ్లగడ్డలో బస్సు దిగేటప్పటికి మిట్టమధ్యాహ్నం. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. ఇంటికి పోతే మా అమ్మ వాకిట్లో ఉంది. నన్ను చూసి, "వచ్చినావా నాయనా" అని పెద్దగా ఏడ్చింది. లోపల నా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ చాపుకుని ఉంది. ఎడమ కాలికి పసుపు, వేపాకు నూరి పట్టించి గుడ్డ కట్టారు. కాలు మోకాలి దాకా ఉబ్బి ఉంది. లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చుంది. ముఖమంతా నవ్వు. ఆమె నన్ను అడిగిన మొదటి మాట:

"నాజిలు వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"వస్తాదని నాకు తెల్సు. ఓబులేసుడు ఊరికే పోనీడు."

జరిగింది మా అమ్మ చెప్పింది. ఉత్తరం చదివి టపా మనిషి, "బొంబాయి నుంచి రావల్లంటే అంత బేగా యాడొస్తాదమ్మా, సముద్రం మింద రావల్ల గదా" అన్నాడట. దాంతో ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. పరాయి దేశంలో పని నిలిచి, తిండి పెట్టేవాళ్ళు లేక, నేనొక్కణ్ణే దిక్కు తోచక ఉన్నాననుకుంది. మూడో రోజు తలంటి పోసుకుని, మేము ఓబులేసుడని పిలిచే అహోబిలం నరసింహస్వామికి కాలినడకన వస్తానని, కాళ్ళకు చెప్పులు లేకుండా ఎగువ కొండ ఎక్కుతానని మొక్కుకుంది.

"ఎండలు తగ్గినాంక పోదువులే అంటే ఇనలేదురా" అంది మా అమ్మ. "ఎండలు తగ్గేదాకా ఆయప్ప ఆడ్నే ఉండల్లనా అని నన్నే గద్దిచ్చింది."

ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి పద్దెనిమిది మైళ్ళదాకా ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళను తోడు తీసుకుని తెల్లవారక ముందే బయలుదేరిందట. పొద్దెక్కాక రోడ్డు పెనంలాగా కాలింది. తోడు వచ్చినవాళ్ళు చెట్టు నీడన ఆగితే, "మొక్కు చెడిపోతాది" అని ఆమె ఆగలేదు. దిగువ అహోబిలం చేరేసరికి అరికాళ్ళు బొబ్బలు. మరునాడు ఆ బొబ్బలతోనే ఎగువ కొండకు అడవిదారిలో నడిచింది. ఆ దారిలోనే ఎడమ కాల్లో ముల్లో, మొనదేలిన రాయో దిగింది. దాన్ని పీకి, గుడ్డ చుట్టుకుని, పైకి పోయి దర్శనం చేసుకునే దిగింది.

"స్వామి ముందర ఏమని మొక్కుకున్యావు?" అని ఆమెను అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

ఆమె సిగ్గుపడింది. "అదేందో నాకేం తెల్సు. ఆ నాజిలు బేగా వచ్చేట్టు చెయ్యి సామీ, మా ఇంటాయన్ను ఇంటికి తోలు సామీ, అని."

రోజులు లెక్క వేసుకుంటే, ఆమె ఆ కొండ ఎక్కిన పొద్దు నేను బండ మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఉన్నాను.

అదే రోజు బాడుగ బండి మాట్లాడి ఆమెను నంద్యాలకు తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించాను. ఆయన కట్టు విప్పి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని నన్ను తిట్టాడు. "ఊర్లో లేను సార్, పని మీద పోయింటి" అన్నాను. చీము లోపలికి దిగింది. ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. నెలకు పైగా మంచంలో ఉంది. లేచాక నడకలో వాలు వచ్చింది, అది మళ్ళీ పోలేదు.

నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. కాలు మానాక చెబుదామనుకున్నాను. కాలు మానేలోపల ఇంకొకటి జరిగింది. మా వీధిలో ఆ మొక్కు సంగతి పాకిపోయింది. సముద్రం అవతల నిలిచిపోయిన ఇంజను ఓబులేసుని దయతో కదిలిందని ఆడవాళ్ళు చెప్పుకోసాగారు. బిడ్డలకు జ్వరాలొచ్చినవాళ్ళు, మొగుళ్ళు ఊర్లు పట్టుకుని పోయినవాళ్ళు వచ్చి ఆమెను అడిగేవాళ్ళు, ఏ వారం పోవాలి, ఎట్లా మొక్కుకోవాలి అని. ఆమె తాబేటి చిప్ప దువ్వెన కొప్పులో పెట్టుకుని, కాలు చాపుకుని కూర్చుని అన్నీ వివరంగా చెప్పేది. ఆమెను అంత మర్యాదగా ఎవరూ అంతకుముందు చూడలేదు. వేళ్ళు పోయినందుకు ఒక్కసారి కూడా ఏడ్వలేదు. "మా ఇంటాయనకోసం ఇచ్చినా, పోతే పోనీ" అనేది. నేను పక్కనుంటే లేచి బయటికి పోయేవాణ్ణి. భక్తితో కండ్లనీళ్ళు ఆగక పోతున్నానని అందరూ అనుకున్నారు.

ఏడాదిన్నర అట్లా గడిచింది. ఒకరోజు మా షెడ్డు యజమాని ఆళ్లగడ్డ పక్కన ఒక రైతు బావికి ఇంజను అమ్మడానికి వచ్చి, దారిలో మా ఇంటికి వచ్చాడు. ఆదివారం పగలు. నేను ఇంట్లోనే ఉన్నాను. నా భార్య ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె నడక చూసి, "ఏందమ్మా, కాలికేమయింది?" అన్నాడు. ఆమె ఉత్సాహంగా మొదలుపెట్టింది. సిలోన్, నాజిలు, బొంబాయి, మొక్కు. నేను మాట మార్చబోయాను. కుదరలేదు.

ఆయన అంతా విని అమాయకంగా నా దిక్కు తిరిగాడు. "నాజిలు పగిలిందా? ఆ మాట నాకు చెప్పనే లేదే. పని ముందరే అయిపోయింది, సముద్రం కాడ పన్నెండు దినాలుండొస్తానని గదప్పా నువ్వు రాసింది? ఆ మిల్లాయన గూడా రాసినాడు, ఇంజను మొదటి దినం నుంచీ చెక్కు చెదరకుండా తిరుగుతాందని."

మా ఇద్దరి ముఖాలు చూశాడు. ఆయనకు ఏదో తెలిసింది. మజ్జిగ సగంలో పెట్టి, పొద్దుపోతోందని లేచిపోయాడు.

ఆమె గ్లాసు తీసి లోపల పెట్టి వచ్చింది. గడప మీద కూర్చుంది.

"ఎవురన్నా ఉన్యారా ఆడ?" అంది.

"ఎవురూ ల్యారు. బిడ్డ మింద ఒట్టు."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

"పన్నెండు దినాలు ఒక్కనివే ఏం జేస్తాంటివి?"

"ఏం జెయ్యలేదు. ఊరికే కూచుంటి."

"ఎవురన్నా ఉంటే పోయిందనుకుందును. ఆడదుంటే దాన్ని తిట్టుకుందును. ఎవురూ ల్యాకుండా, మేమూ ల్యాకుండా ఉండల్లనిపిచ్చిందా నీకు? మేము అంత బరువైతిమా?"

కాదని చెప్పాలి. కాదని చెబితే అది రెండో అబద్ధమవుతుందని ఆ క్షణాన అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఆ రెండో అబద్ధం చెప్పవలసింది.

తనలో తాను అనుకున్నట్టు మళ్ళీ అంది. "అయితే ఆ పొద్దు ఓబులేసునికి తెల్సునేమో. పగలని సామానుకోసం ఏడుస్తాంటే నన్ను జూసి ఏమనుకున్యాడో."

మద్రాసుకు పోదాం రమ్మన్నాను. ఆమె, బిడ్డ, మా అమ్మ, అందరమూ. రేపే సెలవు అడుగుతానన్నాను. ఆమె తలకాయ అడ్డంగా ఊపి లేచి, పొయ్యి దగ్గరికి పోయింది.

ఆమె నన్ను తిట్టలేదు. పుట్టింటికి పోలేదు. ఈ సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు. వేళకు అన్నం పెట్టింది, గుడ్డలుతికింది, జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది. కానీ వీధిలో ఆడవాళ్ళు మొక్కు సంగతి అడగడానికి వస్తే, "నాకేం తెల్సు తల్లీ, పూజారినడుగు" అని లోపలికి పోయేది. ఆమెకు గర్వమొచ్చిందని వాళ్ళన్నారు. దువ్వెనను బిడ్డకు ఆడుకోవడానికి ఇచ్చేసింది. బిడ్డ దాని పళ్ళు ఒక్కొక్కటే విరిచింది. అహోబిలం తిరునాళ్ళకు అందరూ పోతుంటే కాలు నొప్పి అని ఇంట్లో ఉండిపోయింది. నేను ఆమె కాలు మాత్రమే చెడగొట్టానని అంతవరకూ అనుకుంటూ ఉండేవాణ్ణి.

నేను నంద్యాల పని మానేశాను. ఆళ్లగడ్డలోనే రోడ్డు పక్కన చిన్న షెడ్డు వేసుకుని, బావుల మీది ఇంజన్లు బాగుచేయసాగాను. ప్రతిరోజూ మధ్యాహ్నం ఇంటికి వచ్చి తినేవాణ్ణి. దగ్గరుంటే కాలం గడిచేకొద్దీ కరుగుతుందని ఆశ. ఆమె నాతో ఎంత అవసరమో అంతే మాట్లాడేది. ఆ మాటల్లో కోపం ఉండేది కాదు. కోపం ఉంటే ఏదో ఒక రోజు పోతుంది.

రెండేళ్ళ తరువాత మా పాత యజమాని మళ్ళీ వచ్చాడు. సిలోన్ మిల్లాయన ఇంకొక ఇంజను కొన్నాడట, మళ్ళీ నన్నే పంపమన్నాడట. "రెణ్ణెల్లప్పా. నీకు తెలిసిన తావే గదా" అన్నాడు. నేను పోనన్నాను. ఆయన బతిమాలాడు. లోపలినుంచి నా భార్య గొంతు వినబడింది. మా అమ్మతో అంటూ ఉంది. "పొమ్మను అత్తా. ఈడ ఎవురు పట్టుకోనుండారు?"

నేను పోలేదు. యజమాని పోతూ పోతూ వీధిలో నలుగురితో అన్నాడట, పెండ్లాం బిడ్డల్ని విడిచి ఒక పూట కూడా ఉండలేని మనిషని. ఊళ్ళో నాకు ఆ పేరు నిలిచిపోయింది. కొత్తగా పెండ్లయిన పిల్లలకు నన్ను చూపించి బుద్ధులు చెప్పేవాళ్ళు. ఒకసారి మా ఇంటి ముందరే ఎవరో పెద్దాయన అట్లా చెబుతుంటే, ఆమె వాకిలి చిమ్ముతూ ఉంది. చీపురు ఆపకుండా, తల ఎత్తకుండా చిమ్ముకుంటూ పోయింది.